కూరగాయల తోటలో ఒక సీజన్ ఉండి పనిచేయడం ఎలా: ఒప్పందం నుంచి చివరి కోత దాకా

చిన్న కూరగాయల తోటలో సీజన్ అంతా అక్కడే ఉండి పనిచేయాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలి, ఏమేం తీసుకెళ్ళాలి, ఒళ్ళు తట్టుకుంటుందా అని అడిగేవారు ఎక్కువయ్యారు. ప్రశ్నలన్నీ ఇంచుమించు ఒకటే కావడంతో జవాబులను పని జరిగే వరుసలో ఒకచోట పెడుతున్నాను. సొంతంగా తోట వేయాలనుకునేవారిని ఉద్దేశించి రాసినది కాదిది. వేరొకరి తోటలో ఉంటూ, వారి పద్ధతిలో పనిచేస్తూ నేర్చుకోవాలనుకునేవారి కోసం రాసినది. ఇందులోని జాగ్రత్తల్లో చాలా భాగం మొక్కలకంటే మీ ఒంటికీ, ముందుగా తేల్చుకోవలసిన విషయాలకూ సంబంధించినవని గమనించగలరు. సాగు తెలియక సీజన్ మధ్యలో వెళ్ళిపోయేవారు అరుదు. మొదటి రెండు వారాల్లో ఒళ్ళు హూనం చేసుకుని గానీ, పని గంటల దగ్గర మాటామాటా వచ్చి గానీ వెళ్ళిపోయేవారే ఎక్కువ.

సిద్ధం చేసుకోవలసినవి

- పిక్కల దాకా వచ్చే రబ్బరు బూట్లు ఒక జత, గట్టి అడుగున్న మామూలు బూట్లు ఒక జత. కొత్తవి కొంటే ఇంటి దగ్గరే రెండు వారాలు వేసుకుని నడవండి. తోటకు వెళ్ళాక పాదాలు బొబ్బలెక్కితే నాలుగు రోజుల పని పోతుంది.
- పొడుగు చేతుల వదులు నూలు చొక్కాలు, మెడను కూడా కప్పే వెడల్పు అంచు టోపీ, వాన కోటు.
- నాట్లకూ కలుపుకూ పలుచని చేతి తొడుగులు, ముళ్ళూ తీగలూ లాగే పనికి మందపాటివి.
- రెండు లీటర్ల నీళ్ళ సీసా, కొన్ని ఓఆర్ఎస్ పొట్లాలు.
- తలకు కట్టుకునే టార్చి. కోత రోజుల్లో పని తెల్లవారక ముందే మొదలవుతుంది.
- జేబులో పట్టే పుస్తకం, పెన్సిలు. తడి చేతులతో రాసినప్పుడు పెన్ను సిరా అలుక్కుపోతుంది.
- కట్టు గుడ్డలు, గాయాల మందు, ముల్లు తీసే పట్టకారు, మీరు రోజూ వాడే మందులు సీజన్‌కు సరిపడా.
- ధనుర్వాతం టీకా. చివరిసారి వేయించుకుని పదేళ్ళు దాటితే వెళ్ళే ముందే వేయించుకోండి. మట్టి అంటిన లోతైన గాయమైతే ఐదేళ్ళు దాటినా వైద్యుడికి చూపించాలి.

కత్తి, పార, తొలిక (కలుపు గీకే పనిముట్టు) వంటివి తోటలోనే ఇస్తారు. ముందే కొనకండి. అక్కడి నేలకు ఏ పనిముట్టు నప్పుతుందో చూశాక కొనడం మేలు.

1. సీజన్ నిడివిని నిర్ణయించుకోండి

విత్తనం నుంచి కోత దాకా ఒక పంటను పూర్తిగా చూడాలంటే కనీసం నాలుగు నెలలు కావాలి. ముల్లంగి నెల రోజుల్లో, బీన్సు 50 నుంచి 60 రోజుల్లో చేతికి వస్తాయి. టమాటాకు మాత్రం నారు మడిలో దాదాపు నాలుగు వారాలు, నాటిన తరువాత తొలి కాయ పండడానికి మరో 60 నుంచి 75 రోజులు పడుతుంది. అంత సమయం లేనివారు నాట్ల నెలకంటే కోతల నెలను ఎంచుకోవడం మంచిది. అప్పుడు తోటకు మనుషుల అవసరం ఎక్కువగా ఉంటుంది, ఏ పంట ఎలా ఉంటే అమ్ముడుపోతుందో తెలిసి వస్తుంది.

2. మాట్లాడుకోవలసినవన్నీ ముందే మాట్లాడుకుని, కాగితం మీద పెట్టుకోండి

మొహమాటంతో దాటవేసేది ఈ మెట్టునే, తరువాత అందరూ చింతించేదీ దీని గురించే. రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు, సెలవు ఏ రోజు, కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు గంటలు ఎంత దాకా పెరుగుతాయి, డబ్బు ఇస్తారా, ఇస్తే ఎప్పుడు, వసతీ తిండీ అందులో కలిసి ఉన్నాయా, గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిది, మధ్యలో మానుకోవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవాటికి స్పష్టమైన జవాబులు తీసుకోండి. "అదంతా వచ్చాక చూసుకుందాం" అన్న జవాబు వస్తే ఆ తోటను పక్కన పెట్టి మరొకటి చూసుకోండి. పెద్ద ఒప్పంద పత్రం అవసరం లేదు. మాట్లాడుకున్నది మీరే ఒక పేజీ ఉత్తరంగా రాసి పంపి, సరేనన్న జవాబు తెప్పించుకుంటే చాలు.

గదిని, మరుగుదొడ్డిని, తాగే నీటి వసతిని స్వయంగా చూడండి. అంత దూరం వెళ్ళలేకపోతే వీడియోలో చూపించమనండి. కిందటి సీజన్‌లో అక్కడ పనిచేసిన వారితో ఒకసారి మాట్లాడించమని అడగండి. మొదటి వారాన్ని ఇద్దరికీ పరీక్షా కాలంగా పెట్టుకోవడం మరో మార్గం. వేరే దేశంలోని తోట అయితే ఇంకో జాగ్రత్త ఉంది: జీతం లేకుండా తిండికీ వసతికీ బదులుగా చేసే పనిని కూడా చాలా దేశాల చట్టాలు ఉద్యోగంగానే లెక్కిస్తాయి, కనుక పర్యాటక వీసా మీద అది కుదరదు.

3. మొదటి రెండు వారాలు నెమ్మదిగా పనిచేయండి

కొత్తగా వచ్చినవారు తాము పనికొస్తామని నిరూపించుకోవాలని తొలిరోజే శక్తినంతా ధారపోస్తారు. ఎండకు అలవాటు పడడానికి శరీరానికి ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది, పట్టుదలతో దాన్ని తొందరపెట్టలేము. ఎండ పనికి కొత్తవారు తొలిరోజు మామూలు పనివేళలో ఐదోవంతుకు మించకుండా ఎండలో ఉండి, రోజుకు మరో ఐదోవంతు మించకుండా పెంచుకుంటూ పోవాలని వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. మిగిలిన సమయంలో నీడలో ఉండే నారు పనో, కడిగి సర్దే పనో ఇవ్వమని తోటవారిని అడగండి. అనుభవమున్న రైతు దీనికి అభ్యంతరం చెప్పడు.

ఎండలో పనిచేస్తున్నంతసేపూ 15, 20 నిమిషాలకొకసారి ఒక గ్లాసు నీళ్ళు తాగాలి. దాహం వేసేదాకా ఆగి ఒక్కసారే సీసా ఖాళీ చేయడం వల్ల ప్రయోజనం తక్కువ. మధ్యాహ్నం మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే ఉదయం తాగినది చాలలేదని అర్థం.

హెచ్చరిక: తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండడం, కండరాలు పట్టేయడం కనిపిస్తే వెంటనే నీడకు చేరి పని ఆపాలి. మాట తడబడినా, ఎక్కడున్నదీ తెలియక అయోమయంగా ప్రవర్తించినా, స్పృహ తప్పినా అది ప్రాణాపాయం. అత్యవసర వైద్య సహాయానికి కబురు చేస్తూనే ఆ మనిషిని నీళ్ళతో తడిపి, గాలి విసురుతూ చల్లబరచాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఉదయం లేవగానే మీ ఒంటిని మీరే పరీక్షించుకోండి. నాలుగడుగులు వేశాక సర్దుకునే నొప్పి మామూలు కండరాల నొప్పి, దానితో పనిచేయవచ్చు. ఒకే కీలులో పొడిచినట్టుండే నొప్పి, రాత్రిపూట వేళ్ళు తిమ్మిరెక్కడం వంటివి పని మార్చుకోమని చెప్పే సూచనలు. వంగి చేసే పనిని రెండు గంటలకు మించి ఏకబిగిన చేయకుండా, నిలబడి చేసే పనితో మార్చుకుంటూ ఉంటే నడుము సీజన్ చివరిదాకా నిలుస్తుంది.

4. నారు పనితో మొదలుపెట్టండి

విత్తనాన్ని దాని మందానికి రెండు మూడు రెట్ల లోతులో వేయాలి. కొత్తవారు చేసే పొరపాట్లు ఇక్కడ రెండే: విత్తనాన్ని మరీ లోతుగా పూడ్చడం, నీళ్ళు మరీ ఎక్కువగా పోయడం. నీరు నిలిచిన ట్రేలలో మొలకల కాండం నేల దగ్గర నల్లబడి, సన్నబడి, పక్కకు ఒరిగిపోతే అది నారుకుళ్ళు తెగులు. అలాంటి మొలకలున్న ట్రే గదులను మట్టితో సహా ఖాళీ చేసి, మిగిలిన ట్రేకు గాలి తగిలేలా జరిపి, నీరు తగ్గించండి.

మొలకను పట్టుకోవలసి వస్తే ఆకు పట్టుకోండి, కాండాన్ని నొక్కవద్దు. ఆకు పోతే మరో ఆకు వస్తుంది, కాండం నలిగితే మొక్కే పోతుంది. నాటడానికి వారం ముందు నుంచి నీరు కొద్దిగా తగ్గిస్తూ, రోజురోజుకూ ఎక్కువసేపు ఎండలో ఉంచి నారును గట్టిపరచాలి. ట్రే గది నుంచి లాగి చూసినప్పుడు వేళ్ళు మట్టిని విడిపోకుండా పట్టి ఉంచితే నారు సిద్ధమైనట్టు. వేళ్ళు అడుగున చుట్టలు చుట్టుకుని గోధుమ రంగుకు తిరిగితే ఆలస్యమైనట్టు.

5. నాట్లు

సాయంత్రంపూట గానీ, మబ్బు పట్టిన రోజు గానీ నాటండి. నాటే ముందు ట్రేలను బాగా తడపాలి. పొడి వేరుముద్దను తడి మట్టిలో పెట్టినా అది నీటిని త్వరగా పీల్చుకోలేదు. వేరుముద్ద పైభాగం మీద పలుచగా మట్టి కప్పడం మరవవద్దు. అది గాలికి తెరిచి ఉంటే లోపలి తేమ కూడా ఆరిపోతుంది. టమాటాను తొలి ఆకుల దాకా లోతుగా నాటవచ్చు, పూడిన కాండం నుంచి కూడా వేళ్ళు పుడతాయి. అంటు కట్టిన నారు అయితే మాత్రం అంటు భాగం మట్టికి పైనే ఉండాలి. లెట్యూస్ వంటి ఆకుకూరల మొవ్వు మట్టిలో పూడితే కుళ్ళిపోతుంది.

సరిగా నాటారో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. సాలులో అక్కడక్కడ ఒక మొక్క ఆకు కొసను పట్టి మెల్లగా లాగండి. మొక్క కదలకుండా ఆకు కొస తెగితే మట్టి సరిగా అదిమినట్టు. మొక్క పైకి వచ్చేస్తే ఆ సాలంతా మళ్ళీ నొక్కుకుంటూ వెళ్ళాలి. చనిపోయిన చోట వారంలోపే కొత్త నారు పెట్టండి, ఆ తరువాత పెట్టినవి పెద్ద మొక్కల నీడలో ఎదగవు.

6. కలుపు

సీజన్‌లో మీ సమయాన్ని అన్నిటికంటే ఎక్కువగా తినేది ఇదే, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కలుపు పైకి కనిపించాక తీయడం ఆలస్యమైన పని. పై మట్టిని వేలితో గీకితే తెల్లటి దారాల్లాంటి మొలకలు కనిపిస్తాయి. ఆ దశలో పదునైన తొలికను నేలకు సమాంతరంగా, సెంటీమీటరు లోతున జరుపుకుంటూ పోతే నిలబడే చేసేయవచ్చు. అదే కలుపు రెండు వారాలాగితే కూర్చుని చేత్తో పీకాలి, దానికి ఎన్నో రెట్ల సమయం పడుతుంది. ఖాళీగా, శుభ్రంగా కనిపిస్తున్న మడిని గీకమంటే కొత్తవారు వింతగా చూస్తారు గానీ, తోటపనిలో అంతకంటే లాభసాటి గంట మరొకటి లేదు.

నేల పొడిగా ఉండి, ఎండ కాసే రోజు ఉదయం ఈ పని పెట్టుకోండి. తడి నేలలో తీసిన కలుపు మళ్ళీ వేళ్ళు వేస్తుంది, పైగా మీ అడుగుల కింద మట్టి గట్టిపడుతుంది. గంగవాయిలి వంటి కండగల మొక్కలు పీకి పడేసిన చోటే తిరిగి బతుకుతాయి, కనుక వాటిని మడి బయటికి మోయాలి. తుంగకు పైభాగం కోయడం వల్ల ఫలితం లేదు. కింద గడ్డ ఉంటుంది, దాన్ని తవ్వి తీయకపోతే కొద్ది రోజుల్లోనే మళ్ళీ లేస్తుంది. గింజ పట్టిన ఏ కలుపునూ మడిలో వదలవద్దు.

క్యారెట్ సాలు దగ్గర ప్రత్యేక జాగ్రత్త కావాలి. అది మొలకెత్తడానికే రెండు మూడు వారాలు తీసుకోవచ్చు, అప్పటికి కలుపు దాన్ని కమ్మేస్తుంది. మొదట వచ్చే విత్తనపు ఆకులు అసలు ఆకులకంటే వేరుగా ఉంటాయి. వాటిని గుర్తుపట్టడం రానంతవరకు సాలులో చేయి పెట్టకండి. మొదటి రోజు రైతును పక్కన కూర్చోబెట్టుకుని, మీరు పీకినవి చూపించి సరిచూసుకోండి. తప్పుగా పీకిన పైరును తిరిగి నాటి దాచేయకుండా చెప్పేయడమే నయం.

పని సరిగా జరిగిందా అన్నది మర్నాడు మధ్యాహ్నం చూడాలి. తొలిక వేసిన చోట కలుపు వాడి, ఎండి పడి ఉండాలి. నిటారుగా నిలబడినవి ఎక్కువగా ఉంటే తొలిక మొద్దుబారిందనో, లోతు ఎక్కువై వేరుతో సహా మట్టిపెళ్ళ లేచిందనో అనుకోవాలి. ఆకురాయితో రోజూ ఉదయం పది గీతలు గీస్తే పదును నిలుస్తుంది.

7. నీరు

పైమట్టి రంగు చూసి నీరు పెట్టకండి. జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిలి బిగించండి. ముద్ద కట్టకుండా రాలిపోతే నీరు కావాలి. ముద్ద కట్టి, బొటనవేలితో నొక్కితే విరిగితే తేమ సరిపోయింది. నీరు కారితే రెండు మూడు రోజులు ఆగాలి. ఇసుక నేలలు తేమ ఉన్నా ముద్ద కట్టవు, అక్కడ చేతికి తగిలే చల్లదనాన్ని బట్టి తెలుసుకోవలసి ఉంటుంది.

నడి మధ్యాహ్నం ఆకులు వాలితే కంగారుపడవద్దు, వేడికి చాలా మొక్కలు అలా వాలి సాయంత్రానికి లేస్తాయి. తెల్లవారుజామున కూడా వాలి ఉంటేనే నీటి కొరతో, వేరు జబ్బో అని అనుమానించాలి. టమాటా కాయల అడుగున నల్లటి మచ్చ కుంగి కనిపిస్తే చాలామంది తెగులుగా భావించి మందు వెతుకుతారు. నీరు ఒకరోజు ఎక్కువ, కొన్ని రోజులు తక్కువగా అందడం వల్ల కాయకు కాల్షియం చేరక వచ్చే లోపం అది. నీటిని క్రమంగా ఇవ్వడమే దానికి మొదటి చికిత్స.

డ్రిప్ ఉన్న తోటలో ఫిల్టరును క్రమం తప్పకుండా కడగాలి, అప్పుడప్పుడు గొట్టాల చివరలు విప్పి మడ్డిని వదలాలి. సాలు మొదట్లో, మధ్యలో, చివర ఒక్కో గిన్నె పెట్టి పది నిమిషాల్లో పడిన నీటిని కొలవండి. చివరి గిన్నెలో బాగా తక్కువ ఉంటే ఎక్కడో పూడుకున్నదనో, కారుతోందనో తెలుస్తుంది.

8. కోత

కోత మొదలుపెట్టే ముందు, ఎంత సైజులో, ఏ రంగులో కోయాలో రైతు చేత పది కాయలు కోయించి బుట్ట పక్కన నమూనాగా పెట్టుకోండి. కొత్తవారి కోతలో ప్రధానమైన లోపం వేగం తక్కువ కావడం కంటే, ఒక్కో బుట్టలో ఒక్కో సైజు ఉండడం.

1. తెల్లవారుతూనే ఆకుకూరలు కోయండి. ఎండెక్కాక కోసినవి ఎన్ని నీళ్ళు చల్లినా మునుపటిలా నిలవవు.
2. తరువాత దోస, బెండ, టమాటా. బెండకాయ కొసను విరిస్తే టక్కున విరగాలి, వంగితే ముదిరింది. ముదిరినవీ వంకరవీ కూడా తెంపేయాలి. అవి మొక్క మీదే ఉండిపోతే గింజ కట్టే పనిలో పడి మొక్క కొత్త కాయలను తగ్గిస్తుంది. బెండను రోజు విడిచి రోజు చూడకపోతే కాయలు చేయి దాటిపోతాయి.
3. బీన్సును మంచు ఆరేదాకా ముట్టుకోవద్దు. తడి ఆకుల మధ్య తిరిగే చేతులూ బట్టలూ తెగుళ్ళను ఒక మొక్క నుంచి మరో మొక్కకు మోస్తాయి.
4. నిండిన బుట్టను వెంటనే నీడకు చేర్చండి. టమాటాను బుట్టలో రెండు మూడు వరుసలకు మించి పేర్చవద్దు, కింది కాయల దెబ్బ రెండు రోజుల తరువాత గానీ బయటపడదు.

కడిగే నీరు తాగడానికి పనికొచ్చేంత శుభ్రంగా ఉండాలి, మురికి తేలగానే మార్చాలి. వేడిగా ఉన్న టమాటాను చల్లటి నీటిలో ముంచితే తొడిమ ఊడిన చోటు నుంచి కాయ ఆ నీటిని, అందులోని క్రిములతో సహా లోపలికి లాక్కుంటుంది. అందువల్ల కాయ చల్లారాక కడగాలి, లేదా తడి గుడ్డతో తుడిచి వదిలేయాలి. ఆకుకూరలను సున్నా నుంచి 4 డిగ్రీల చల్లదనంలో ఉంచవచ్చు గానీ, టమాటా, దోస 10 డిగ్రీలకంటే తక్కువలో ఉంటే పాడవుతాయి. పండిన టమాటాల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు ఆకుకూరలను పసుపు రంగుకు మారుస్తుంది, రెంటినీ ఒకే గదిలో పెట్టవద్దు.

9. మందు కొట్టే రోజు

సేంద్రియ తోటలో కూడా కొన్ని పిచికారీలు ఉంటాయి. ఏది కొట్టినా డబ్బా మీది చీటీలో రెండు విషయాలు వెతకండి: ఎంతసేపటి తరువాత మడిలోకి తిరిగి వెళ్ళవచ్చు, ఎన్ని రోజుల తరువాత కోయవచ్చు. రెంటినీ తేదీలతో రాసి ఆ మడి దగ్గర కట్టండి. శిక్షణా, రక్షణ దుస్తులూ లేకుండా "కాస్త ట్యాంకు పట్టుకో" అంటే కుదరదని చెప్పే హక్కు మీకుంది.

10. పనులన్నీ ఒకేసారి మీద పడినప్పుడు

సీజన్ నడుమ కోతలు, కొత్త నాట్లు, కలుపు ఒకే వారంలో వచ్చి పడతాయి. అప్పుడు కోతకు వచ్చినవి, నీరు, వయసు దాటుతున్న నారు, గింజ కట్టబోతున్న కలుపు అన్న వరుసలో చేసుకుంటూ పోండి, మిగిలినవి ఆగుతాయి. వారపు సెలవును ఈ సమయంలోనే చాలామంది వదులుకుంటారు, మీరు వదులుకోకండి. ఆ రోజు తోటలో ఉంటే ఏదో ఒక పని తగులుతూనే ఉంటుంది కనుక, కొన్ని గంటలైనా బయటికి వెళ్ళిపోండి. కలిసి ఉండే వంటగదిలో ఎవరి వంతు ఏ రోజన్నది గోడ మీద రాసి ఉంచితే అలసిన వేళల్లో అనవసరమైన తగాదాలు రావు.

11. చివరి వారం

మొక్కలను పీకేటప్పుడు వేళ్ళను చూడండి. టమాటా, వంగ, బెండ, దోస వేళ్ళ మీద బుడిపెలు కనిపిస్తే నేలలో నులిపురుగులు ఉన్నట్టు; ఆ వేళ్ళను కంపోస్టు గుట్టలో వేయకూడదు, ఆ మడిలో వచ్చే సీజన్‌కు ఈ జాతులు వేయకూడదు. తెగులు సోకిన మొక్కలను విడిగా తీసేసి, ఊతకర్రలను శుభ్రం చేసి ఎండలో ఆరబెట్టి, డ్రిప్ గొట్టాలను మడ్డి వదిలాక చుట్టలు చుట్టి పెట్టండి.

మీ పుస్తకంలో రాసుకున్న నాటిన తేదీలు, తొలి కోత తేదీలు, బుడిపెలు కనిపించిన మడులు, డ్రిప్ పూడుకున్న సాళ్ళు ఒక కాగితం మీద ఎక్కించి తోటవారికి ఇచ్చి, రావలసిన డబ్బును మొదట రాసుకున్న ఉత్తరంతో సరిచూసుకుని తీసుకోండి. మరో తోటకు వెళ్ళే ఉద్దేశం ఉంటే, మీరు చేసిన పనులను పేర్కొంటూ ఒక పరిచయ లేఖ కూడా అప్పుడే అడగండి.